పగలు పనికి, పొద్దూకితే వాడకు

ఇంకో రెండు కట్టెలు ఎయ్యి పిలగా. శామీర్‌పేట చెరువు మీదికెల్లి వచ్చే గాలి ఎముకలల్లకు దిగుతున్నది. బిడ్డా, నువ్వు జర గా ఫోను పక్కకు పెట్టు. ఆ ఇంటామె ఇగ ఫోను చెయ్యది. "మీరేంటోళ్లు" అని అడిగింది, నువ్వు జెప్పినవు, "మా సారును అడిగి చెప్త" అన్నది. ముచ్చట ఆడ్నే ఒడిసింది. అద్దెకు అర్ర ఉన్నదని బోర్డు ఇంకా ఏలాడుతుంటది, నీకు మాత్రం లేదు.

పట్నంల గూడ గిట్లాంటియి ఉంటయా తాతా అని అడిగినవు గద. పట్నంలనే అడుగుతరు బిడ్డా. ఊళ్లె అడుగుడు అక్కెర్లేదు, ఎవ్వలు ఏడుంటరో పుట్టిన పోరనికి గూడ ఎరుకే. పట్నంల మొకం జూస్తె తెల్వది గన్క నోరు తెరిచి అడగాలె. మాంసం తింటరా అని అడుగుతరు, ఇంటిపేరు అడుగుతరు, నాయిన ఏం పని జేస్తడని అడుగుతరు. అన్నీ ఒక్క దానికోసమే.

మన ఊరి సంగతి ముందుగాల జెప్త. అలియాబాద్ అంటె పట్నపోళ్లు షాలిబండ అవుతలి అలియాబాద్ అనుకుంటరు. పాత పట్నం గోడకు పదమూడు దర్వాజలుంటె అండ్ల ఒకటి అలియాబాద్ దర్వాజ. మనది గది గాదు. మనకు గోడ లేకుండె, దర్వాజ లేకుండె. గని ఒక బండ్ల బాట ఉండె. బాటకు ఆ పక్క ఊరు, ఈ పక్క వాడ. వాడ ఎప్పటికీ గాలి పోయే దిక్కుకే ఉంటదని మా అవ్వ జెప్తుండె, ఊరి మీదికెల్లి వచ్చిన గాలి మనకు తాకాలె గని, మన మీదికెల్లి పోయింది ఊరికి తాకద్దట. బాట దాటంగనే చెప్పులు చేతికి వస్తుండె. బాయి కాడ మనం చెయ్యి పెట్టద్దు, ఊరోళ్లెవలన్న వచ్చి చేది పొయ్యాలె, అప్పటిదాంక కడువ పట్టుకొని నిలబడాలె. ఎండకాలం మా అవ్వ ఒక్క కడువ కోసం పొద్దంత నిలబడ్డ దినాలున్నయి. హోటల్ల మన గ్లాసు బయట చూరుకు చెక్కి ఉంటుండె. తాగి, కడిగి, మల్ల ఆడ్నే చెక్కాలె.

ఇగ డప్పు సంగతి. మన డప్పు లేంది ఊళ్లె పెండ్లి గాదు, పీనుగ లేవది. గిర్దావరు వస్తె సామాను మోసేది మనమే, ఊళ్లె చాటు ఏసేది మనమే, సచ్చిన గొడ్డును ఈడ్చేది మనమే. వెట్టి. పగటీలి అంత ఊళ్లెనే ఉంటిమి. పొద్దూకిందంటె వాడకు రావాలె. ఈ ఒక్క సంగతి మనసుల పెట్టుకోండ్రి. నేను ఎన్నో పట్నాల ముచ్చట్లు ఇన్న, కొన్ని కండ్లార జూసిన, యాడ జూసినా ఇదే లెక్క. మనిషి రావద్దని ఎవ్వడూ అనడు. ఆడ పండుకోవద్దంటడు.

మా తాత గడ్డి మోపులు మోసుకొని లష్కర్‌కు పోతుండె. లష్కర్ అంటె సికింద్రాబాదే, మేమంత గట్లనే అంటుంటిమి. గుర్రాల పటాలాలకు గడ్డి కావాలె గద. అర్ధరాత్రి లేసి తూంకుంట, హకీంపేట మీదికెల్లి నడిచి పోతె తెల్లారంగ బొల్లారం. ఆ లష్కర్ ఎట్ల పుట్టింది? 1798ల నిజామును ఇంగ్లీషోళ్లు ఒప్పందంల కట్టేసిండ్రు. వాళ్ల పౌజు ఈడ ఉంటది, ఖర్చు నిజాముది. పౌజు హుస్సేన్ సాగర్‌కు ఉత్తరం దిక్కు దిగింది. 1806ల మూడో నిజాం సికిందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అన్నరు. చెరువుకు ఆ పక్క నవాబు పట్నం, ఈ పక్క దొరల పట్నం. జేమ్స్ స్ట్రీట్ అని, కింగ్స్‌వే అని సడకులకు పేర్లు. కానూను వేరు, కచేరి వేరు.

మొదలు మొదలు గంత గట్టి గీత లేకుండెనట. 1857ల మారింది. జూలై 17 నాడు తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ మనుషులను ఏసుకొని కోఠిల రెసిడెన్సీ మీదికి పోయిండ్రు. తుర్రేబాజ్ ఖాన్‌ను తర్వాత కాల్చి సంపిండ్రు, మౌల్వీని అండమాన్ పంపిండ్రు. దొరలకు భయం పట్టుకున్నది. ఆ తర్వాత ఏండ్లల్ల తిరుమలగిరిల కందకం తవ్వి, గోడ కట్టి, తెల్ల సిపాయిలకు వేరే బారకాసులు కట్టుకున్నరు. అవే పౌజులల్ల మన మద్రాసు దిక్కు సిపాయిలు గూడ ఉండిరి, వాళ్లకు వేరే లైన్లు. దొర కోసం సచ్చేటోడు గూడ దొర పక్కన పండద్దు.

ఇంకో సాకు రోగం. మన బస్తీలల్ల గాలి చెడ్డదని, ఆ గాలితోనే జరాలు వస్తయని దొరల డాకుటర్లు అంటుండె. గందుకే బంగ్లాలు దూరం దూరం, నడుమ మైదానాలు. నవ్వొచ్చేదేందంటె, మలేరియా ఎట్లొస్తదో ఎరుకైంది ఈడనే. బేగంపేటల రోనాల్డ్ రాస్ అనే దొర డాకుటరు 1897 ఆగస్టు 20 నాడు దోమ కడుపుల ఆ పురుగును పట్టిండు. తప్పు గాలిది గాదు, నిలవ నీళ్లది, దోమది. దోమ బంగ్లాలకు గూడ పోతది. మరి ఎరుకైనంక మైదానాలు దగ్గరికి జరిగినయా? జరగలె.

మా నాయిన బొల్లారంల ఒక బంగ్లాల మాలి. గిప్పుడు రాష్ట్రపతి నిలయం అంటున్నరు గద, 1860ల కట్టింది, రెసిడెంటు దొర ఎండకాలం ఉండెటిది, దానికి ఇవుతల ఉంటుండె మా నాయిన పనిచేసే బంగ్లా. నేను ఎరిగేటాల్లకు తెల్లదొరలు పోయి మనోళ్లు పెద్ద అఫ్సర్లు దిగిండ్రు. ముందట గులాబీలు, ఎనుక నౌకర్ల అర్రలు. ఒక్కో అర్రల ఒక్కో కుటుంబం. బట్లరుది అన్నిటికంటె దగ్గరి అర్ర, తర్వాత ఆయాది, తర్వాత ధోబీది, మాలిది, ఆఖరికి పాకీ పని జేసేటోనిది. అంత చిన్న జాగల గూడ ఊరు, వాడ లెక్క తప్పలె. ఎవ్వలూ చెప్పి పెట్టలె, వాళ్లంతట వాళ్లే గట్ల సర్దుకున్నరు. మా నాయిన ఆ ముచ్చట చెప్పి మస్తు నవ్వుతుండె. నాకు ఆ నవ్వు చిన్నప్పుడు సమజ్ కాలె.

నవాబు పట్నంల ఎట్లుండె అంటవా? గది ఇంకో తీరు. ఆడ ఎవ్వనితోని ఏ పని పడితె వాన్ని ఆ కాడ దించిండ్రు. యెమెన్ దిక్కు నుంచి వచ్చిన అరబ్బులు బార్కస్‌ల. ఆఫ్రికా హబ్షీలు, వనపర్తి రాజా కాడికెల్లి నిజాం పౌజులకు వచ్చినోళ్లు, మాసబ్ ట్యాంక్ పక్క ఏసీ గార్డ్స్‌ల. 1832ల పంజాబు నుంచి రంజిత్ సింగ్ పంపిన సిక్కులు అత్తాపూర్ దిక్కు సిక్ ఛావ్నీల. పౌజులు పోయినయి, రాజ్యం పోయింది, ఆ మనుషుల మనుమలు ఇంకా చానమంది ఆడ్నే ఉన్నరు. దేవిడీల సుట్టు మాత్రం కలగలుపు. పెద్ద నవాబు దేవిడి పక్కనే పాలోళ్లు, సాకలోళ్లు, బట్టలు కుట్టేటోళ్లు, అండ్ల తురకలు హిందువులు ఇద్దరూ. ప్రేమ తోని గాదు, అక్కర తోని. పనోడు పిలిస్తె పలికేటంత దగ్గర ఉండాలె గద. గొప్పోడు, గరీబోడు ఒకే గల్లీల ఉన్న కాలం గదే.

1908ల మూసీ వచ్చింది. సెప్టెంబర్ 28. మా తాత పడుసోడట అప్పటికి. వేలమంది కొట్టుకపోయిండ్రు. అఫ్జల్‌గంజ్ దవాఖాన కాడి చింతచెట్టు ఎక్కి నూటయాభైమంది బతికిండ్రంటరు, ఆ చెట్టు ఇంకా ఉన్నది, పోయి సూడుండ్రి. కొట్టుకపోయింది ఎక్కువ ఎవ్వలు? ఏటి ఒడ్డుకు గుడిసె ఏసుకున్నోళ్లు. మిట్ట జాగ వాళ్లకెవడిస్తడు? ఆ తర్వాత ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టిండ్రు. 1912ల పట్నం బాగుచెయ్యనీకి ఒక బోర్డు పెట్టి, ఇరుకు బస్తీలు తీసేసి సడకులు ఏసి, మల్లేపల్లి దిక్కు వరుసగ ఇండ్లు కట్టిండ్రు. మంచి పనే. గని ఇండ్లు తరగతులుగ కట్టిండ్రు, జీతాన్ని బట్టి. ఏడో నిజాం గూడ ఏటికి ఇవుతల కింగ్ కోఠిల ఉండబట్టె, పెద్ద నవాబులు ఒక్కొక్కలు ఆయన ఎంబడి ఏరు దాటిండ్రు. పాత పట్నంల దేవిడీలు మిగిలినయి, పనోళ్లు మిగిలిండ్రు, పని పోయింది.

అప్పట్ల మనోళ్ల తరఫున ఒకాయన నిలబడ్డడు, భాగ్యరెడ్డి వర్మ. 1888ల పుట్టిండు, మాదరి భాగయ్య అసలు పేరు. 1906ల జగన్మిత్ర మండలి పెట్టిండు. 1910ల కోఠి కాడ ఈసామియా బజార్ల మన పిల్లలకు తెలుగు బడి తెరిచిండు. మనల్ని అంటరానోళ్లు అనుడు గాదు, ఈ దేశానికి మొదటోళ్లం, ఆది హిందువులం అనాలె అన్నడు. ఆయన తెలివి సూడు, గుడి మెట్లెక్కే కొట్లాట కంటె ముందు బడి పెట్టిండు. నాకు ఆయనంటె అందుకే ఇష్టం. మన ఊళ్లె నా చిన్నప్పుడు బడిల నేను గడప అవుతల కూసుంటి. అప్పటికి ఆయన పోయి ఏండ్లాయె.

నేను సుతారి పనికి పట్నం పోయింది 1960 దాటినంక. ముందు మాలు అందిచ్చుడు, తర్వాత తాపీ చేతికొచ్చింది. మారేడుపల్లిల కట్టిన, విజయనగర్ కాలనీల కట్టిన, బంజారాహిల్స్‌ల కట్టిన. బంజారాహిల్స్ అంటె లంబాడోళ్లు ఉన్న గుట్టలు. 1930లల్ల మెహదీ నవాజ్ జంగ్ అనే నవాబు ఆ రాళ్ల నడుమ మొదలు ఇల్లు కట్టుకున్నడు, చాలా మంచి మనిషంటరు. ఆయన ఎనుక ఒకరెంబడి ఒకరు. నేను పోయేటాల్లకు ఆడ ఇటుకలు మోసే కాడనే లంబాడోళ్లు కనవడుతుండ్రి.

మేస్త్రి పనిల ఒక మర్యాద ఉంటది. గృహప్రవేశం నాడు మేస్త్రికి కొత్త బట్టలు పెడ్తరు, బొట్టు పెడ్తరు, ముందుగాల పిలుస్తరు. ఆ ఇంట్ల వంటింటి పొయ్యి గద్దె కట్టింది నేను. దేవుని అర్రల గూడు కట్టింది నేను. బండలు పరిచి, మోకాళ్ల మీద కూసొని రుద్దింది నేను. పాలు పొంగినంక ఆ అర్రలకు నేను పోవద్దు. ఒక ఇంట్ల వారం గాకముందే నల్ల లీకైంది, బాగుచెయ్యమని కబురు పంపిండ్రు. పోతె ఎనుక దర్వాజ మీదికెల్లి రమ్మన్నరు. పనైనంక ఆ ఇంటామె వంటిల్లంత నీళ్లు గొట్టి కడిగింది. నేను చెప్పులేసుకుంట సూసిన. ఆ నీళ్లు పోయే వాటం గూడ నేను పెట్టిందే, చుక్క నిలవకుంట పోయినయి.

నాతోని జోడు మేస్త్రి ఒక సాయిబు ఉండె. లాల్‌దర్వాజ దిక్కు సొంత ఇంట్ల ఉంటుండె, సుట్టు హిందువుల ఇండ్లు. బోనాల పండుగకు వాళ్లింట్ల గూడ పిల్లలకు కొత్త బట్టలు. 1978ల రమీజాబీ సంగతి అయింది. ఠాణల ఆమెకు అన్యాయం జరిగింది, ఆమె మొగన్ని కొట్టి సంపిండ్రు. మొదలు అది జనానికి, పోలీసులకు కొట్లాట. తర్వాత తర్వాత పట్నంల హిందూ తురక కొట్లాటలు ఏడాదికోసారి జాతర తీరుగ వచ్చుడు మొదలాయె. కర్ఫ్యూ పడితె మేం పనికాన్నే చిక్కుతుంటిమి. 1990 డిసెంబర్ల అయితె నూరుమందికి పైన సచ్చిండ్రు. ఆ ఏడు మా జోడు మేస్త్రి సామానంత బండి మీద ఏసుకొని బండ్లగూడ దిక్కు పోయిండు. అదే నెలల ఆ దిక్కు ఇల్లున్న ఒక కంసాలి దిల్‌సుఖ్‌నగర్ పోయిండు. ఇద్దరు గూడ ఇండ్లను అడ్డికి పావుశేరు అమ్ముకున్నరు. కొన్నోడు మాత్రం యాడికీ పోలె, ఆనికి ఏ మతమో నాకింకా సమజ్ కాలె.

ఊళ్లె బాట పెద్దల కాలం సంది ఉన్నది. పట్నంల ఆ గీత నా కండ్ల ముందట పడ్డది. కలిసి ఉన్న గల్లీలు విడిపోవుడు చూసినోన్ని నేను. గందుకే "మొదటి సంది గంతే" అని ఎవ్వలన్న అంటె నాకు కోపమొస్తది. మొదటి సంది గంత లేదు.

అమెరికాల ఉన్న మీ అన్న మొన్న పాత ఇల్లు కొన్నడు గద. కాగితాలల్ల 1930లల్ల రాసిన ఒక షరతు ఉన్నదట. తెల్లోళ్లు దప్ప ఇంకో జాతోళ్లు ఈ ఇంట్ల ఉండద్దు, నౌకర్లయితె ఉండొచ్చు. నౌకర్లయితె ఉండొచ్చు! ఫోన్ల చదివి ఇనిపిస్తుంటె నాకు బొల్లారం బంగ్లా ఎనుక అర్రలు యాదికొచ్చినయి. ఆ షరతులు కోర్టుల చెల్లయని వాళ్ల పెద్ద కోర్టు 1948ల చెప్పింది. ఇండ్లు ఇచ్చేకాడ రంగు సూడద్దని కానూను 1968ల వచ్చింది, మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చిన వారానికి. కాగితం మీద మాత్రం ఆ మాట ఇంకా గట్లనే ఉన్నది, కొట్టేసెటోడు లేక. మన పిలగాడు ఆ ఇంట్లనే ఉంటున్నడు. బాగనే ఉన్నది. కని ఆడ గూడ మన తెలుగోళ్లు కొత్తగ కలిస్తె రెండో మాటకే ఇంటిపేరు అడుగుతరట. గంత దూరం పోయి గిదా!

దక్షిణాఫ్రికాల అయితె ఆ గీత సర్కారే గీసింది. 1860 నవంబర్ల ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్‌ల దిగింది, చెరుకు తోటల కూలికి. అదే మొదటి ఓడ, తర్వాత వచ్చిన ఓడలల్ల మన తెలుగోళ్లు మస్తుమంది. కట్టుబాటు గడువు తీరినంక జాగలు కొనుక్కొని, కూరగాయలు పండిచ్చి, గుళ్లు కట్టుకొని బతికిండ్రు. 1950ల కానూను తెచ్చిండ్రు, ఏ జాతోడు ఏ జాగల ఉండాలో సర్కారు నక్ష మీద రంగు ఏస్తది. కాటో మేనర్ అనే కాడికెల్లి మనోళ్లను లేపి చాట్స్‌వర్త్‌ల పడేసిండ్రు. పొద్దుగాల బస్సెక్కి తెల్లోళ్ల దిక్కు పనికి పోవుడు, పొద్దూకంగ రావుడు.

మనకాడ కానూను మంచిదే. అంటరానితనం నేరమన్నది. మరి ఇందిరమ్మ కాలంల మనకు ఇండ్ల జాగలిచ్చిండ్రు గద, యాడ ఇచ్చిండ్రు? ఊరి నడుమల పడావు జాగ ఉండె. ఆడ ఇయ్యలె. వాడకు ఇంకింత అవుతల ఇచ్చి, ఎస్సీ కాలనీ అని బోర్డు పెట్టిండ్రు. ఊరంత అయితె నోటితోని చెప్పెటిది, సర్కారు పెయింటుతోని రాసింది. పక్కా ఇల్లు వచ్చిందని సంబరపడ్డం, అబద్ధమెందుకు. వాన కురిస్తె కారని ఇల్లు మీ నాయినమ్మ మొదటిసారి సూసింది ఆ కాలనీలనే.

గిప్పుడు రాజీవ్ రహదారి మీద అటు ఇటు సూడుండ్రి. తుర్కపల్లి దిక్కు మందుల కంపెనీలు, శామీర్‌పేట దిక్కు పెద్ద చదువుల కాలేజీలు, నడుమ విల్లాలు. గోడ మీద కరెంటు తీగ. మీ అమ్మ వంటపనికి పోతున్న కాడ గేటు మీద రోజు ఫోటో దించుతరు, సంచి ఇప్పి సూస్తరు. పట్నంల ఎత్తు బిల్డింగులల్ల పనోళ్ల లిఫ్టు వేరు, అండ్లనే చెత్త గూడ దిగుతది. ఆ చెత్తంత యాడికి పోతది? మన పక్కపొంటి జవహర్‌నగర్‌కు. ఆ గుట్ట పక్కన ఇండ్లేసుకున్నది ఎవ్వలో అడగండ్రి. కొన్ని వెంచర్లయితె ఫలానా కులపోళ్లకే అని మొకం మీదనే అమ్ముతున్నరు, శాకాహారం పేరు జెప్పి.

ఒకటి మాత్రం తిరగబడ్డది. వాడ ఊరికి అంచున ఉండె గద, సడకు వెడల్పయితె ఆ అంచుకే వచ్చింది. ఊరి నడుమ గజానికంటె మన కాలనీ గజానికి గిరాకి ఎక్కువైంది. మున్సిపాల్టీ అయిన సంది బ్రోకర్లు ఈగల్లెక్క దిగుతున్నరు. మనది సర్కారు ఇచ్చిన జాగ, 1977 కానూను ప్రకారం అమ్మనీకి లేదు, కొననీకి లేదు. గది వాళ్లకు మనకంటె మంచిగ ఎరుక. అయినా నోటు మీద రాయించుకుంట, అడ్వాన్సు ఇచ్చుకుంట తిరుగుతరు. పక్క గల్లీల ఇద్దరు సంతకం పెట్టిండ్రు, కోర్టుల తిరుగుతున్నరు.

మొన్న ఒకాయన కారుల వచ్చిండు. ఊరాయనే. వాళ్ల తాత బాయి కాడ మా అవ్వ నిలబడి చూసేది. కుర్చీ ఏస్తె కూసున్నడు. మీ అమ్మ చాయ్ తెస్తె, స్టీలు గ్లాసుల, ఒద్దనకుంట తాగిండు. తాగి, "తాతా, ఈడ మీకు దుమ్ము, చప్పుడు. ఇంకింత లోపలికి, ప్రశాంతంగ ఉండే కాడ డబుల్ జాగ ఇప్పిస్త" అన్నడు. యాడ అన్న. చేయి సాపి చెరువు వెనుక దిక్కు చూపిచ్చిండు. గాలి పోయే దిక్కు. నేను ఖాళీ గ్లాసు తీస్కొని, "మీ ఇల్లు ఏడున్నది పటేలా" అన్న. ఊరి నడుమ అన్నడు. "దాని పక్క పడావు జాగ మీదే గద. గది ఇప్పియ్యి, గజం రేటు నువ్వే చెప్పు, రేపే సంతకం పెడ్త" అన్న. మళ్లొస్త అని లేసిండు.

ఇంక రాలె. వస్తె గూడ గదే మాట చెప్పుండ్రి, నేను ఇంట్ల ఉన్నా లేకున్నా.